పక్కన నడిచినవాడు
(చంద్రపూర్‌లో ఇచ్చిన స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పేరు అచ్చులో రావద్దని కుటుంబం కోరింది. ఆయన మనస్తత్వం తెలిసినవాళ్లకు ఆ కోరిక వింతగా అనిపించదు. ఇక్కడ చాలామంది పిలిచినట్టే నేనూ హవల్దారుగారనే అంటాను. ఆయన యుద్ధంలో పోలేదు. 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతి సేనలో జాఫ్నాలో పనిచేసి, ఒంటి మీద చిన్న గాయం కూడా లేకుండా తిరిగొచ్చారు. పింఛను తీసుకున్నారు, కూతుళ్ల పెళ్లిళ్లు చేశారు, సొంతింట్లో మంచం మీద కన్ను మూశారు. ఆయన పక్కనున్న మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా నెల మొదటి వారంలో హవల్దారుగారు పోస్టాఫీసుకు వెళ్లి ఆ స్నేహితుడి తల్లికి మనియార్డరు కట్టేవారు. ఆవిడ పోయిందని తెలిశాక కూడా కొంతకాలం ఫారం నింపి జేబులో పెట్టుకుని తిరిగారని పెద్దమ్మాయి నాతో చెప్పింది.

శ్రీలంకలో మనవాళ్లు దాదాపు 1,200 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ లెక్కలో హవల్దారుగారు లేరు. మరే లెక్కలోనూ లేరు. ఈ సాయంత్రం ఆయన లాంటివాళ్ల గురించే మాట్లాడతాను. నేను మానసిక వైద్యుణ్ని. మంచిర్యాలలో నా ప్రాక్టీసు. సిరొంచ దగ్గర నది మీద వంతెన పడ్డాక అవతలి ఒడ్డు నుంచి నా దగ్గరికి వచ్చే జవాన్ల సంఖ్య పెరిగింది. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే మీ ముందు పెడుతున్నాను. యుద్ధంలో మనిషిని నిలబెట్టేది పక్కనున్న మనిషి. ఆ మనిషి పోయినప్పుడు పడే దెబ్బకు మందుబిళ్ల ఒక్కటే చాలదు, మళ్లీ మనుషులే కావాలి. పోయినవాడికి వందనం చేయడం మనకు వచ్చు. మిగిలినవాడి పక్కన కూర్చోవడం ఇంకా రాలేదు.

చంద్రపూర్‌లో ఈ మాట చెప్పడానికి కారణాలున్నాయి. 1962 చైనా యుద్ధం తర్వాత ఇక్కడికి దగ్గర్లోని భద్రావతిలో ఆయుధ కర్మాగారం వెలిసింది. ఫిరంగి గుళ్లలో మందు కూరే పని అక్కడిది. ఈ సభలో ఉన్న తెలుగు కుటుంబాల్లో కొందరికి ఆ పనే అన్నం పెట్టింది. విసాపూర్‌లో 2019 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. కొంచెం పైకి పోతే కామఠీ. పంతొమ్మిదో శతాబ్దంలో అది మద్రాసు సైన్యపు దండు. ఆ పల్టన్ల వెంట వచ్చిన తెలుగు సిపాయిల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సిరొంచ 1874లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది, 1982లో గడ్చిరోలి జిల్లాకు పోయింది. పటాల మీద గీతలు మారుతూ వచ్చాయి, ఇళ్లలో తెలుగు మాత్రం అలాగే ఉంది. నలభై ఏళ్లకు పైగా ఈ అడవుల్లో సాగిన నక్సలైటు పోరులో రెండు వైపులా ఆ తెలుగు వినిపించింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఫౌజులో స్నేహమంటే ఏమిటో చూద్దాం. చదువుకునేటప్పటి స్నేహంలాగో వీధి స్నేహంలాగో మనం దాన్ని ఊహించుకుంటాం. ఫౌజులో జవానుకు తన జోడీని తాను ఎంచుకునే వీలుండదు. కంపెనీలో పేర్లు చదివి ఇద్దర్ని జత చేస్తారు. 'బడ్డీ' అంటారు. ఒకడు కడప వాడైతే రెండోవాడు గఢ్వాల్ వాడు కావచ్చు. మొదటి నెలలో ఒకరి మాట ఒకరికి సరిగ్గా అర్థం కాదు. ఆ తర్వాత ఒకడు నిద్రపోతే రెండోవాడు మేలుకుని కాపలా కాస్తాడు, మళ్లీ మార్చుకుంటారు. సియాచిన్ లాంటి చోట్ల జవాను తన కాలివేళ్లను ఒక్కడే చూసుకుంటే సరిపోదు, బడ్డీ చూడాలి. మంచు కొరికిన వేలికి స్పర్శ పోతుంది, నొప్పి తెలియదు. రంగు మారిందని అవతలివాడే పట్టుకుంటాడు. తన ఒంటి సంగతి తనకంటే ముందు ఇంకొకరికి తెలియడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. చంటిబిడ్డ సంగతి తల్లికి అలా తెలుస్తుంది. ఆ తర్వాత ఏ వయసులోనూ ఎవరికీ అలా తెలియదు.

సిపాయి దేనికోసం పోరాడతాడని రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ బృందం వేలమంది జవాన్లను అడిగింది. ఆ పని 1949లో పుస్తకాలుగా వచ్చింది. దేశం, సిద్ధాంతం, శత్రువు మీద ద్వేషం లాంటివాటి కంటే, పక్కవాళ్లను మధ్యలో వదిలేయకూడదన్న పట్టుదలే జవాన్లను ముందుకు నడిపిందని అందులో తేలింది. మనకు ఇది కొత్త సంగతి కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ పల్టన్ కమాండింగ్ ఆఫీసరు కర్నల్ సంతోష్ బాబు, మన సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవాడు, తన మనుషుల ముందు నిలబడి ప్రాణం వదిలాడు. ఆ రాత్రి మనవాళ్లు 20 మంది పోయారు. తుపాకులు పేలలేదు. రాళ్లతో, కర్రలతో, చేతులతో, గడ్డకట్టే చలిలో, చీకట్లో జరిగిన పోరు అది. ఆ చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం తప్ప వాళ్లకు వేరే వ్యూహం మిగిలి ఉండదు. సంతోష్ బాబుకు మహావీర చక్ర ప్రకటించారు. ఆ రాత్రి గాయపడి బతికినవాళ్లు డెబ్భైకి పైగా ఉన్నారని వార్తలొచ్చాయి. వాళ్లెక్కడున్నారు, ఎలా నిద్రపోతున్నారు అన్న ప్రశ్న ఏ పత్రికలోనూ నాకు కనబడలేదు.

పల్నాటి కథలో బ్రహ్మనాయుడు తన వీరులందర్నీ కులం చూడకుండా ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. చాపకూడు. ఆ సంగతిని మనం సంఘ సంస్కరణగా పాఠాల్లో చదువుకుంటాం, అదీ నిజమే. దాన్ని యుద్ధం తెలిసిన మనిషి చేసిన పనిగా కూడా చూడాలని నా ఉద్దేశం. రేపు పక్కపక్కన నిలబడి చావవలసినవాళ్లు ఈ రోజు పక్కపక్కన కూర్చుని తినకపోతే ఎలా? ఇవాళ్టి ఫౌజులో జరిగే బడాఖానాలోనూ అదే ఉంది. ఆ రోజు అధికారులు జవాన్లకు వడ్డిస్తారు. పప్పూ, మాంసం, రోటీ, ఓ పెగ్గు రమ్ము. చూడ్డానికి మామూలు విందు. అందులో కూర్చున్నవాళ్లు దాని గురించి ఏళ్ల తర్వాత చెప్పేటప్పుడు ఏం తిన్నారో చెప్పరు. ఎవరి పక్కన కూర్చున్నారో చెబుతారు.

ఇక దెబ్బ సంగతికి వస్తాను. జవాను పోయినప్పుడు శవపేటికతో పాటు అతని పల్టన్ నుంచి కొందరు ఊరికి వస్తారు. విమానాశ్రయం దాకా ఒక బృందం, అక్కడ్నుంచి ఊరిదాకా ఇంకో బృందం. వాళ్లలో ఒకడు సాధారణంగా పోయినవాడికి బాగా దగ్గరివాడు. మనం టీవీలో జెండా కప్పిన పెట్టె చూస్తాం, గాలిలోకి పేల్చే తుపాకుల వందనం చూస్తాం, మంత్రి పూలగుచ్ఛం చూస్తాం. ఆ పెట్టె పక్కన నిఠారుగా నిలబడిన ఆ జవాన్ని చూడం. అతనికి ఏడ్చే అనుమతి ఉండదు. యూనిఫాంలో ఉన్నాడు, కెమెరాలున్నాయి. పెట్టె తెరవవద్దని పైనుంచి మాట ఉన్నప్పుడు, ఒక్కసారి ముఖం చూపించమని కాళ్లావేళ్లా పడే ఇంటివాళ్లకు కాదని చెప్పవలసినవాడు అతనే. ఎందుకు తెరవకూడదో అతనికి తెలుసు, ఆ ముక్కలు ఏరినవాళ్లలో తానూ ఉన్నాడు కాబట్టి. ఆ మాట తల్లికి చెప్పలేడు.

అలాంటి ఒక జవాను నాతో చెప్పిన సంగతి ఇది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతున్నాను. అంత్యక్రియలు అయిపోయాక తల్లి అతన్ని లోపలికి పిలిచి పీట వేసింది. "వాని పక్కన నువ్వే ఉంటివా బిడ్డా?" అని అడిగింది. ఉన్నానన్నాడు. ఆమె తర్వాతి ప్రశ్నకు అతను తయారై వచ్చాడు. ఎలా జరిగింది, నువ్వు ఎట్లా బతికినవు, ఎందుకు కాపాడలేదు, వీటన్నిటికీ దారిపొడుగునా జవాబులు కూడబలుక్కున్నాడు. ఆమె అడిగింది ఇది: "పొద్దున ఏమన్న తిన్నడా?" ఆ రోజు తెల్లవారకముందే బయల్దేరారు. ఎవరూ ఏమీ తినలేదు. తిన్నాడమ్మా, పూరీ తిన్నాడు అని అబద్ధం చెప్పాడు. నా దగ్గరికి వచ్చేనాటికి అతను పేలుడు గురించి కలలు కనడం మానేశాడు. ఆ పూరీ కలలోకి వస్తోంది. అతను పళ్లెం పట్టుకుని స్నేహితుణ్ని వెతుకుతూ ఉంటాడట, దొరకడట. రెండేళ్లుగా ఇంట్లో పూరీలు వండనివ్వడం లేదు. ఎందుకో భార్యకు తెలియదు.

ఇటువంటి మనిషిని పుస్తకంలోని జబ్బు పేర్లతో పట్టుకోవడం కష్టం. గుండెదడ, ఉలిక్కిపాటు, నిద్రలేమి ఉన్నాయి, వాటికి మందులున్నాయి, మందులు పనిచేస్తాయి కూడా. వద్దని ఎవరూ అనుకోకండి. వాటి అడుగున ఉన్నది భయం అనుకుంటే మాత్రం పొరపాటు. అది దుఃఖం. స్నేహితుడు పోయి తాను మిగిలినందుకు తన ప్రాణం మీదే కలిగిన రోత. మహాభారతం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. యుద్ధం గెలిచాక ధర్మరాజు సింహాసనం వద్దంటాడు, అడవికి పోతానంటాడు. చుట్టూ ఉన్న తమ్ముళ్లూ పెద్దలూ ఎవరి పద్ధతిలో వాళ్లు నచ్చజెబుతారు, ఎవరి మాటా దుఃఖాన్ని తీర్చదు. చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చోబెడితే అక్కడ వినడం మొదలుపెడతాడు. తిక్కన చేతిలో తెలుగైన ఆ భాగాన్ని రాజనీతి కోసం చదివేవాళ్లు ఎక్కువ. భీష్ముడు ఆ యుద్ధంలో ఉన్నవాడు, ఒళ్లంతా బాణాలతో ఉన్నవాడు. ధర్మరాజు మనసు అతని మాటనే పట్టించుకోవడంలో వైద్యుడిగా నాకు ఆశ్చర్యమేమీ కనబడదు.

ఆధునిక వైద్యం ఈ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. 1914 సెప్టెంబరులో మన భారతీయ సైన్యం మార్సెయి రేవులో దిగింది. మనవాళ్లు ఫ్రాన్సు చలికాలంలో నీళ్లు నిండిన కందకాల్లో నిలబడ్డారు. చేతికి గాయంతో ఆసుపత్రికి వచ్చే భారతీయ సిపాయిలు ఎక్కువయ్యారని, కావాలనే కాల్చుకుంటున్నారేమోనని అధికారులు అనుమానించారు. ఇంగ్లండులో బ్రైటన్‌లో భారతీయుల కోసం పెట్టిన కిచెనర్ ఆసుపత్రి అధిపతి కర్నల్ బ్రూస్ సెటన్ 1915లో 1,000 గాయాలను పరీక్షించి ఆ అనుమానానికి ఆధారం లేదని రాశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అనే పేరును వైద్యలోకంలో ప్రవేశపెట్టాడు. ఆ యుద్ధంలో 13 లక్షలకు పైగా మనవాళ్లు పనిచేశారు. 74 వేల మంది పోయారు. షెల్ షాక్ చరిత్రల్లో ఆంగ్ల కవుల పేర్లు ఉంటాయి. మన సిపాయిల ముఖాలు కనబడవు. పంజాబు నుంచి మద్రాసు దాకా ఎన్ని ఊళ్లలో ఎందరు మనుషులు తిరిగొచ్చి అరుగుల మీద మౌనంగా కూర్చున్నారో. ఊళ్లో వాళ్లను గాలి సోకిందన్నారు, చేతబడన్నారు, తాగుబోతన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఏపెల్, బీబీ అనే ఇద్దరు అమెరికన్లు లెక్కలు తీసి 1946లో ఒక మాట చెప్పారు. యుద్ధానికి అలవాటు పడటం అనేది లేదు. ఎంత ధైర్యవంతుడైనా 200 నుంచి 240 పోరాట దినాలకు అరిగిపోతాడు. పిరికితనమనే నిందను ఆ ఒక్క లెక్క కొట్టేయాలి. కొట్టేయలేదు. వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో, పీటీఎస్‌డీ, అంటే భయానక ఘటన తర్వాత మనసును పట్టే జబ్బు పేరు, అమెరికా మానసిక వైద్యుల అధికారిక పట్టికలోకి ఎక్కింది. వియత్నాం మాజీ సైనికులకు ఏళ్ల తరబడి వైద్యం చేసిన జొనాథన్ షే 1994లో రాసిన పుస్తకం నా వృత్తి జీవితాన్ని మార్చింది. గ్రీకు వీరుడు అకిలీజ్ తన స్నేహితుడు పాట్రోక్లస్ చనిపోయాక ఎలా మారిపోయాడో, తన రోగులు అలాగే మారారని ఆయన చూపించాడు. స్నేహితుడి చావు, దానికి తోడు పైవాళ్లు తమకు ద్రోహం చేశారన్న భావన, ఈ రెండూ కలిస్తే మనిషి గుణమే చెడిపోతుందన్నాడు.

షే ఎత్తిచూపిన ఇంకో సంగతి మీద కాస్త ఆగుతాను, మనకు పనికొచ్చేది అదే. వియత్నాంకు అమెరికా జవాన్లలో ఎక్కువమంది ఒక్కొక్కరుగా వెళ్లారు, ఏడాది గడువు తీరగానే ఒక్కొక్కరుగా వచ్చారు. నిన్న అడవిలో ఉన్నవాడు రేపు విమానం దిగి వంటింట్లో కూర్చునేవాడు. మాట్లాడ్డానికి పల్టన్ పక్కన లేదు. 1982లో ఫాక్‌లండ్ దీవుల యుద్ధం అయ్యాక బ్రిటిష్ మెరైన్లలో చాలామంది ఓడల్లో వారాల తరబడి ప్రయాణం చేసి ఇళ్లకు చేరారు. డెక్ మీద కూర్చుని తాగారు, పోట్లాడుకున్నారు, ఏడ్చారు. పోయినవాళ్ల గురించి, పోయినవాళ్లను ఎరిగినవాళ్ల మధ్యే మాట్లాడుకున్నారు. ఆ ప్రయాణం తమకు మేలు చేసిందని వాళ్లలో ఎందరో తర్వాత చెప్పుకున్నారు. ఆ అనుభవంతోనే కావచ్చు, తర్వాతి యుద్ధాల నుంచి వచ్చే బలగాలను బ్రిటన్ సైప్రస్‌లో ఒకటి రెండు రోజులు ఆపి, అప్పుడు ఇళ్లకు పంపేది.

ఇప్పుడు మన అడవికి రండి. గడ్చిరోలి జవానుకు ఓడ లేదు, సైప్రస్ లేదు. ప్రభుత్వ ఎస్టీ బస్సు ఉంది. పొద్దున కాల్పుల్లో ఉన్నవాడు సెలవు దొరికితే రాత్రికి చంద్రపూర్‌లో పెళ్లి భోజనంలో ఉండేవాడు.

1980 నవంబరు 2న సిరొంచ దగ్గర మోయాబిన్‌పేటలో పోలీసు కాల్పుల్లో నక్సలైటు పెద్ది శంకర్ చనిపోయాడు. బెల్లంపల్లి యువకుడు. అప్పటికి మోయాబిన్‌పేట ఈ చంద్రపూర్ జిల్లాలోదే. అక్కడ మొదలైన పోరు ఇన్నేళ్లు సాగింది. 1990లో గడ్చిరోలి పోలీసులు సీ-60 దళం కట్టారు. అరవై మందితో మొదలైంది కనుక ఆ పేరు. అడవి తెలిసినవాళ్లు, గోండీ, మాడియా, మరాఠీ, తెలుగు మాట్లాడేవాళ్లు, ఇక్కడి ఊళ్ల పిల్లలే అందులో చేరారు. 2009లో మర్కెగావ్, హత్తిగోట, లాహెరి దగ్గర జరిగిన మూడు దాడుల్లోనే 48 మంది పోలీసులు పోయారు. 2018 ఏప్రిల్‌లో కస్నాసూర్ దగ్గర ఇంద్రావతి ఒడ్డున 30 మందికి పైగా మావోయిస్టులు చనిపోయారు. 2019 మే 1న, మహారాష్ట్ర దినోత్సవం నాడు, జాంభుల్‌ఖేడా దగ్గర మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల బండి నడుపుతున్న డ్రైవరు పోయారు.

మందుపాతరలు ఎక్కువగా కల్వర్టుల కింద పెట్టేవాళ్లు. అందుకే అక్కడి జవాను బండి కంటే కాళ్లనే నమ్మేవాడు. నా దగ్గరికి వచ్చే ఒకతను ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. చంద్రపూర్ నుంచి మూల్ మీదుగా బస్సులో పోతుంటే ప్రతి కల్వర్టు దగ్గరా అతని రెండు పాదాలూ వాటంతట అవే నేల విడిచి పైకి లేస్తాయి. పక్క సీట్లో కూతురుంటే చెయ్యి అడ్డం పెడతాడు. "నాన్నా, మళ్లీ చేశావ్" అంటుంది ఆ అమ్మాయి. ఆ దారిలో కల్వర్టులు ఎక్కడెక్కడున్నాయో ఆ పిల్లకు కంఠస్థం అయిపోయింది. తండ్రి యుద్ధం అలా రెండో తరంలోకి వచ్చింది.

సరిహద్దు యుద్ధంలో లేని బాధ ఒకటి ఇక్కడుంది. కాల్పులయ్యాక శవాల్ని గుర్తుపట్టాలి. వాళ్లలో తన ఊరి అమ్మాయి ఉంటుంది, ఆశ్రమశాలలో తనకంటే రెండు తరగతులు కింద చదివింది ఉంటుంది. జవాను ఆ పేరు పైకి చెప్పాలి. చెప్పాక సాయంత్రం దళం అంతా విజయం గురించి మాట్లాడుతుంది, తానూ నవ్వాలి. ఈ గాయానికి వైద్యంలో ఇంకా సరైన మందు లేదు. ఎవరో తనకు చేసిన హాని కాదు ఇది, తన చేతులతో జరిగినదాని భారం. అవతలివైపు అడవిలోంచి లొంగిపోయి వచ్చినవాళ్లకూ ఇదే భారం ఉంది. వాళ్లకూ పక్కన నడిచినవాళ్లు ఉండేవారు, ఎక్కడో పూడ్చి వచ్చారు, కొందరిని పూడ్చడానికి కూడా వీలు కాలేదు. నేను ఇద్దరికీ వైద్యం చేశాను. తప్పొప్పుల తీర్పు చెప్పేది వైద్యుడి కుర్చీ కాదు. రాజ్యం మీద తుపాకీ ఎత్తడాన్ని నేను సమర్థించను, ఆ సంగతి నా దగ్గరికి వచ్చే అందరికీ తెలుసు. రాత్రి మూడు గంటలకు ఉలిక్కిపడి లేచిన మనిషి చెమట మాత్రం రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు మరో 60 మందితో గడ్చిరోలిలో ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పగించాడు. పోరు ముగింపుకు వచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఊపిరి పీల్చుకోవలసిందే. నా వృత్తిలో ఉన్నవాళ్లకు మాత్రం అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కాల్పులు నడుస్తున్నంతకాలం జవాను మనసు తలుపులు బిగించుకుని ఉంటుంది, లేకపోతే బతకలేడు. అడవి నిశ్శబ్దమయ్యాక, గస్తీ తగ్గాక, ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు తలుపు తెరుచుకుంటుంది. హవల్దారుగారికి జాఫ్నా తిరిగొచ్చింది ఉద్యోగంలో ఉండగా కాదు. పింఛను మొదలైన రెండో ఏట. రానున్న పదేళ్లలో గడ్చిరోలి, చంద్రపూర్, ఆదిలాబాద్, మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాల్లో ఇటువంటి మనుషులు వందల్లో బయటపడతారు. మనం తయారుగా లేం.

దేశం మొత్తంగా చూసినా పరిస్థితి ఇదే. 2020 నుంచి 2024 దాకా ఐదేళ్లలో కేంద్ర సాయుధ బలగాల్లో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని హోంశాఖ 2024 డిసెంబరులో రాజ్యసభకు చెప్పింది. వాటిలో ఎక్కువ, సెలవు మీద ఇంటికి వెళ్లి తిరిగి డ్యూటీలో చేరాక జరిగాయి. సెలవు మనిషిని కుదుటపరుస్తుందని మనం అనుకుంటాం. ఇంటికి వెళ్లినవాడికి అక్కడ భూమి తగాదా ఎదురవుతుంది, అప్పు ఎదురవుతుంది, పెళ్లాం పిల్లలకు తాను పరాయివాడైపోయిన సంగతి ఎదురవుతుంది. ఇంటి దగ్గర తనకు చోటు లేదనుకుని క్యాంపుకు వస్తే అక్కడ తన జోడీని వేరే కంపెనీకి మార్చేసి ఉంటారు. ఆ రెండు ఖాళీల మధ్య రాత్రి కాపలాలో చేతిలో తుపాకీతో ఒంటరిగా ఉంటాడు.

జబ్బు పడ్డ జవాను పింఛను కోసం పడే పాట్లు వేరే. మానసిక వ్యాధి అంటే అది పుట్టుకతో వచ్చింది, సర్వీసుకు సంబంధం లేదని మెడికల్ బోర్డు ఒక వాక్యం రాస్తే చాలు, వికలాంగ పింఛను పోయినట్టే. 2013లో సుప్రీంకోర్టు వీర్‌పాల్ సింగ్ కేసులో ఆ ఒక్క వాక్యాన్ని నిలదీసింది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషికి స్కిజోఫ్రీనియా ముద్ర వేసేటప్పుడు బోర్డు కారణాలు చూపలేదని ఆక్షేపించి, మళ్లీ పరీక్షించమంది. ఇక్కడున్న మాజీ సైనికుల్లో ఎవరికైనా అలాంటి కాగితం ఉంటే దాన్ని పెట్టెలో దాచకండి, వకీలుకు చూపించండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు సైన్యం కోసం 2023 డిసెంబరులో పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం మొదలైంది. అందరికీ ఉన్న టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫోను మంచిదే. కానీ ఫోనులో అవతలి గొంతుకు కాశ్మీరు తెలియదు, లాహెరి తెలియదు.

కారెంపూడి సంగతి చెప్పి నా విన్నపానికి వస్తాను. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం నాటిది. ఇప్పటికీ కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు నాగులేరు ఒడ్డున వీరుల గుడి దగ్గర ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు, వాటిని ఊళ్లూరా తిప్పి గుడికి తెస్తారు. మందపోరు రోజున చాపకూడు పెడతారు, వచ్చినవాళ్లు కలిసి తింటారు. వీరవిద్యావంతులు కథ చెబుతారు. దీన్ని జానపద కళగా చూసేవాళ్లు చూస్తారు. నేను చూసేటప్పుడు నాకు కనబడేది, ఓ పెద్ద యుద్ధంలో తమవాళ్లను పోగొట్టుకున్న జనం దుఃఖాన్ని ఒక్కొక్క ఇంటి మీద వదిలేయకుండా ఐదు రోజులు ఊరంతా పంచుకునే ఏర్పాటు. యుద్ధాన్ని మొదట్నుంచి చివరిదాకా, రాయబారం నుంచి శవాల దాకా, వరసగా మళ్లీ చెప్పుకోవడం. విడివిడి ముక్కలుగా మీద పడే జ్ఞాపకాన్ని వరసలో పెట్టి చెప్పించడమే ఇవాళ మేం గదుల్లో చేసే వైద్యం కూడా.

చంద్రపూర్ తెలుగువాళ్లను ఒకటే అడుగుతున్నాను. ఈ ఊళ్లో, బల్లార్‌పూర్‌లో మాజీ సైనికులు, పోలీసు బలగాల్లో పనిచేసి వచ్చినవాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. నెలకో ఆదివారం వాళ్లు కూర్చోవడానికి ఒక హాలు ఇవ్వండి. జెండాలు, దండలు, ఉపన్యాసాలు అక్కడ వద్దు, నాది కూడా వద్దు. భోజనం ఉండాలి. వాళ్లే వండుకుంటారు, వాళ్లకు వండడం వచ్చు. ఎవరైనా మాట్లాడితే మిగతావాళ్లు వింటారు, ఎవరూ మాట్లాడకపోయినా తిని వెళ్తారు. నేను మంచిర్యాల నుంచి వచ్చి ఓ పక్కన ఉంటాను, ఎవరికైనా మందు అవసరమనిపిస్తే విడిగా మాట్లాడతాను. సీ-60లో చేసినవాళ్లూ రావొచ్చు. కాలం గడిచాక, వాళ్లు సరేనంటే, లొంగిపోయి వచ్చినవాళ్లనూ పిలవొచ్చు. ఆ నిర్ణయం వాళ్లదే.

ఇంటివాళ్లకు రెండు మాటలు. సెలవు మీద వచ్చిన పిల్లవాణ్ని బంధువుల ముందు నిలబెట్టి ఎంతమందిని చంపావని అడగకండి, అడిగే మేనమామని పక్కకు తీసుకెళ్లండి. అతని పల్టన్ స్నేహితుడెవరైనా దారిన పోతూ ఇంటికొస్తే ఒక పూట భోజనంతో పంపేయకండి, ఉండమనండి. వాళ్లిద్దరూ రాత్రంతా డాబా మీద కూర్చుంటే తాగుతున్నారని కోప్పడే ముందు ఆగండి. తాగుడు రోజూ అయితే అది వేరే జబ్బు, దానికి నా దగ్గరికి తీసుకురండి. ఏడాదికో రాత్రి అయితే దాన్ని నేను జబ్బులో లెక్కపెట్టను.

హవల్దారుగారి పెద్దమ్మాయి హాలు అద్దె మొదటి ఏడాదికి తాను ఇస్తానని ఇందాకే చెప్పింది. వచ్చే నెల మొదటి ఆదివారం పెట్టుకుందాం. ఎవరెవరు వస్తారో బయట బల్ల దగ్గర పేర్లు రాయించండి. పేరు రాయడం ఇష్టం లేకపోతే రాయకుండానే రండి.